కొండల మీద ఆరు రోజులు

మార్చి 4, సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. పదో తరగతిలో ఒక నెల రాశాను. అక్క దొంగచాటుగా చదివి నవ్వింది. మానేశాను. ఇప్పుడు నోరు విప్పి ఎవరితోనూ అనలేని సంగతి ఒకటి నెత్తిన పడింది కనుక మళ్లీ మొదలుపెడుతున్నాను.

ఈ రోజు ఆడిట్ నుంచి కాగితం వచ్చింది. పదహారు నెలల కిందట, నవంబరు పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా, మా మంత్రిగారు కొండల మీది ఊరికి ఆరు రోజుల అధికారిక పర్యటన చేశారు. మాది ఓడరేవుల శాఖ. కొండల మీద ఓడరేవులు ఉండవు. ఒక చెరువు ఉంది, అందులో పడవలున్నాయి. అందుకని పర్యటన ఉద్దేశం ‘ఎత్తైన ప్రాంతాలలో జలరవాణా అవకాశాల పరిశీలన’ అని ఫైల్లో రాశాం. రాసింది నేనే. పర్యటనల సెక్షన్లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. మంత్రులు మారతారు గాని టూర్లు మారవు. ఆ వాక్యం బాగుందని పైనుంచి మెచ్చుకున్నారు కూడా.

ప్రత్యేక విమానంలో తొమ్మిది మంది వెళ్లారు. ఒక్కొక్కరూ అక్కడ ఏం చేశారో ఎవరికి వారు రాసి సంతకం చేసి ఇవ్వాలని ఆడిట్ వాళ్లు అడిగారు. జాబితాలో తొమ్మిదో పేరు నాది. హోదా రికార్డు అసిస్టెంటు.

నేను వెళ్లలేదు. ఆ వారమంతా ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన ఉన్నాను. గురువారం అమ్మ పోయింది. నేను పక్కనే ఉన్నాను.

మార్చి 5, మంగళవారం

నిన్న రాయని మాట ఒకటి ఉంది. నా పేరు జాబితాలోకి ఎవరో దొంగతనంగా ఎక్కించలేదు. నేను నిజంగానే వెళ్లాల్సిన మనిషిని. పద్దెనిమిదేళ్లు ఇతరుల టిక్కెట్లు చూసినందుకు ఒకసారి నన్నూ తీసుకెళ్తామన్నారు. విమానం ఎక్కడం మొదటిసారి. స్వెటరు కూడా కొన్నాను.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు, శనివారం, అమ్మకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాం. మంత్రిగారి పీఏకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఆయన్ని మేమంతా చిరునవ్వు అంటాం, వెనకాల. ఎంతో మంచిగా మాట్లాడాడు. పేరు తీసెయ్యాలంటే ఫైలు మళ్లీ పైదాకా వెళ్లి రావాలట. ఉండనివ్వండి మేడమ్, మీకు సెలవూ ఖర్చుకాదు, వీలున్నప్పుడు ఫోన్లో పనులు చూస్తూ ఉండండి చాలు, అన్నాడు. ఖాళీ అయిన సీట్లో మంత్రిగారి మరదలు వెళ్లింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

తెలిసే థాంక్స్ చెప్పాను.

మార్చి 7, గురువారం

చిరునవ్వు పిలిపించాడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. మామూలుగా నిలబెట్టే మాట్లాడతాడు. కనుక టీ చూడగానే విషయం అర్థమైంది.

నేను ఇవ్వాల్సిన జవాబు ఆయనే టైపు చేయించి ఉంచాడు. మంత్రివర్యుల వెంట ఆరు రోజులూ ఉండి, సమావేశాల వివరాలు నమోదు చేసి, రికార్డు భద్రపరిచాను అని. మిగతా ఎనిమిది మందీ అప్పటికే సంతకాలు పెట్టేశారట. నేను వెళ్లలేదు కదండీ అన్నాను, మెల్లగా.

“మీరు పని చేశారా లేదా మేడమ్? కార్లు, గదులు, భోజనాలు అన్నీ ఫోన్లో మీరే కదా చూసింది. మనిషి ఎక్కడుంటే ఏముంది, పని అక్కడ జరిగిందిగా.”

ఆలోచిస్తే అదీ నిజమే అనిపించింది. టీ బాగుంది.

మార్చి 10, ఆదివారం

మా ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఆ జవాబు కాగితం చదవమని ఇచ్చాను. చెవి మీద పెన్సిలు తీసి, ‘భధ్రపరిచాను’లో ‘ధ’కున్న ఒత్తు కొట్టేసి, ఒక చోట కామా పెట్టి తిరిగి ఇచ్చాడు. ఎలా ఉంది అని అడిగాను. తప్పుల్లేవన్నాడు. అబద్ధం సంగతేమిటి అంటే, అది తన డిపార్టుమెంటు కాదన్నాడు.

కాసేపయ్యాక వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడి, “నీకిష్టం లేకపోతే పెట్టకు,” అన్నాడు. ఇష్టాయిష్టాలతో ఉద్యోగాలు సాగుతాయా అని కసిరాను. వెళ్లిపోయాడు.

చెరువు లోతు పద్నాలుగు మీటర్లు. పడవలు ఇరవై రెండు. మా గెస్ట్‌హౌస్‌లో నా గది రెండొందల నాలుగు, కిటికీ తెరిస్తే చెరువు కనిపిస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. గదులు కేటాయించింది నేనే కదా.

మార్చి 11, సోమవారం

సంతకం పెట్టాను. పెన్ను బాగానే రాసింది.

మార్చి 14, గురువారం

పేపర్లో పడింది. రిటైరైన పోస్టుమాస్టరు ఎవరో అర్జీ పెట్టి లెక్కలన్నీ బయటికి లాగాడట. ‘కొండెక్కిన ఓడరేవుల మంత్రి’ అని శీర్షిక. విమానానికి ఎంత, గదులకు ఎంత, చెరువులో విందుకు ఎంత, అన్నీ వేశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది అని రాశాడు ఆ విలేఖరి. కింద తొమ్మిది మంది పేర్లూ ఉన్నాయి. తాము వెళ్లినట్టు అందరూ రాతపూర్వకంగా ధ్రువీకరించారు అని ఆఖరి వాక్యం. మా ఆయన పెన్సిలు పట్టుకుని చదివాడు గాని ఎక్కడా ఏమీ దిద్దలేదు.

పదింటికి అక్క ఫోన్ చేసింది. అక్కది ఇక్కడికి బస్సులో నాలుగు గంటల దూరం. కుట్టుపని దుకాణం నడుపుకుంటుంది. మామూలుగా ఫోన్ చేస్తే నా ఆరోగ్యం, మా ఆయన ఆరోగ్యం, కరెంటు బిల్లు, ఈ వరసలో అడుగుతుంది. ఈ రోజు వరస తప్పింది.

“అమ్మ పోతుంటే నువ్వు కొండ మీదున్నావా?”

లేనని చెప్పాను. కాగితం మీద పేరు మాత్రమే ఉందని చెప్పాను. మరి సంతకం ఎందుకు పెట్టావంది. ఆఫీసు వ్యవహారమన్నాను. ఆ సాయంత్రం నువ్వొచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను కదా అన్నాను. సాయంత్రం ఉన్నావు, అంతకుముందు ఎక్కడున్నావో నాకేం తెలుసు, మీకు విమానాలున్నాయి కదా అంది. మా ఆయన్ని అడగమన్నాను. మీ ఆయన నీ మాటే చెప్తాడు అంది. మా ఆయన ఎన్నడూ నా మాట చెప్పలేదు గాని అది వాదించే సమయం కాదు.

“బుధవారం నేను బయల్దేరుతానంటే రావద్దన్నది నువ్వే. అమ్మ బాగానే ఉంది, కంగారు పడకు అన్నావు. నీ మాట నమ్మి ఆగిపోయాను.”

పెట్టేసింది.

అవును, రావద్దన్నాను. బుధవారం అమ్మ నిజంగానే కాస్త తేలిగ్గా ఉంది. పాలు తాగింది. డాక్టరు కూడా పర్వాలేదన్నాడు. దుకాణం మూసుకుని రావడం అక్కకి ఇబ్బంది అనుకున్నాను. నేను పక్కనే ఉన్నాను కదా అనుకున్నాను.

మార్చి 15, శుక్రవారం

అక్క ఫోన్ ఎత్తలేదు.

మార్చి 16, శనివారం

ఎత్తలేదు.

మార్చి 18, సోమవారం

సగం రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లాను. రోగి పక్కన ఉండేవాళ్లకు రోజూ ఒక పాసు ఇచ్చి, పుస్తకంలో సంతకం తీసుకుంటారు. ఆ పుస్తకం దొరికితే అక్క ముఖాన పెట్టవచ్చనుకున్నాను. రికార్డు గదిలో ఉన్నాయన చాలా మర్యాదస్తుడు. ఏడాది దాటిన పాసు పుస్తకాలు చింపేస్తామన్నాడు. రికార్డు గదికి అందం అదే కదా అన్నాను. నవ్వలేదు.

అమ్మ కేసు షీటు నకలు ఇచ్చాడు. మరణించిన సమయం మధ్యాహ్నం 3:20. బంధువు అన్న చోట ‘కూతురు’ అని ఉంది. ఏ కూతురో రాయలేదు.

మార్చి 20, బుధవారం

అన్నం తింటూ మా ఆయన ఉన్నట్టుండి, ఆఫీసు ఫోను బిల్లులు ఉంటాయి కదా, ఏ ఊరి నుంచి మాట్లాడావో అందులో పడుతుందిగా, అన్నాడు. నిజమే, ఆఫీసు ఇచ్చిన ఫోను. ప్రతి కాలూ ఎన్నింటికి, ఎక్కడి నుంచి, ఎవరికి, ఎంతసేపు, అన్నీ అచ్చు వేసిన బిల్లు నెలనెలా వస్తుంది.

పాతవి ఉండవన్నాను. నీళ్లు కావాలా అని అడిగాను.

ఆఫీసులో నా బీరువాలో మూడో అర, ఎడమ వైపు, ఆకుపచ్చ ఫైలు.

మార్చి 22, శుక్రవారం

ఆడిట్ అధికారి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లు ఉంటాయేమో. జలుబు చేసి ఉంది. ప్రతి ప్రశ్నకు ముందూ చేతిరుమాలు తీసి, సారీ మేడమ్ అని ముక్కు చీదుకుంటాడు. అందువల్ల ప్రశ్న ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోయేది. అయినా ఉపయోగం లేకపోయింది.

గది నంబరు అడిగాడు. చెప్పాను. చెరువు లోతు అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు. చలి ఎలా ఉందని అడిగాడు.

ఉందన్నాను.

కాగితాలు తిరగేసి, పదిహేడో తేదీ గురువారం అదనంగా రెండో కారు అద్దెకు తీసుకున్నారు, ఎందుకు, అని అడిగాడు. మొదటి కారులో సామాను పట్టలేదని చెప్పాను. అది నిజం. ఎవరి సామాను అన్నాడు. బిల్లు మీద ‘రికార్డు అసిస్టెంటు సామాను నిమిత్తం’ అని ఉంది. చిరునవ్వు మూల కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

“నాదేనండీ.”

“ఎన్ని పెట్టెలు మేడమ్?”

“ఏడు.”

ముక్కు తుడుచుకోవడం ఆపి నా వంక చూశాడు. నేను మూడేళ్లుగా అదే బ్యాగుతో ఆఫీసుకి వస్తున్నాను, అది నా ఒళ్లోనే ఉంది, దాని జిప్పుకి పిన్నీసు పెట్టి ఉంది. ఆరు రోజులకి ఏడు పెట్టెలు అని రాసుకున్నాడు. చదివి వినిపించి, సరిగ్గా రాశానా అని అడిగాడు. సరిగ్గానే రాశాడు.

మార్చి 23, శనివారం

ఏమీ తినబుద్ధి కాలేదు. ఎండ ఎక్కువగా ఉంది. ఎండవల్లే.

మార్చి 24, ఆదివారం

గురువారం సంగతి రాస్తాను. ఈ పుస్తకం తీసింది దానికోసమే అనుకుంటాను. ఇన్ని పేజీలూ దాని చుట్టూ తిరిగాను.

వార్డులో సిగ్నల్ ఉండేది కాదు. మెట్ల దగ్గర కిటికీ పక్కన నిలబడితేనే వినపడేది. ఆ వారం రోజుకి పదిసార్లు ఆ కిటికీ దగ్గరికి వెళ్లాను. ఫలానా ఆయనకు కింది అంతస్తు గదే కావాలి, ఫలానా ఆయన ఉల్లిపాయ తినడు. అమ్మ ప్రతిసారీ నేను లేచేటప్పుడు చేత్తో వెళ్లు వెళ్లు అని సైగ చేసేది.

గురువారం మధ్యాహ్నం మూడుకి చిరునవ్వు ఫోన్. మరదలుగారి సామాను కారులో పట్టడం లేదు, ఆవిడ అలిగి కూర్చుంది, ఎలాగైనా ఇంకో కారు చూడండి అన్నాడు. ఏడు పెట్టెలు. ఏడు అని చెప్పింది ఆయనే. కొండ మీది ట్రావెల్స్‌కి ఫోన్ చేశాను. చిన్న కారే ఉందన్నాడు. చిన్నది కుదరదు, వెనక చోటున్నది కావాలన్నాను. రేపు చూస్తానన్నాడు. ఇప్పుడే కావాలన్నాను. గొంతు పెంచాను. బతిమాలాను. మళ్లీ పెంచాను. ఆఖరికి ఎవరికో ఇచ్చిన కారు వెనక్కి తెప్పిస్తానన్నాడు. గెలిచాను. ఆ రోజు నిజంగా గెలిచినంత సంతోషమేసింది.

ఆ సంతోషంతోనే వార్డులోకి వచ్చాను. ఆయా దుప్పటి సర్దుతోంది. నర్సు, డాక్టరు అటువైపు నిలబడి ఉన్నారు.

డాక్టరు రాసిన సమయం 3:20. నా ఫోను 3:10కి మొదలై 3:31కి అయిపోయింది. ఇప్పుడు బిల్లు తియ్యకుండానే నాకు తెలుసు, అది వచ్చిన నెలే చూసుకున్నాను. అంటే అమ్మ పోయాక ఇంకో పదకొండు నిమిషాలు నేను వెనక చోటున్న కారు కావాలని అడుగుతూనే ఉన్నాను.

3:40కి అక్కకి ఫోన్ చేశాను. నా చేతుల్లో పోయిందని చెప్పాను. అలా చెప్పాలని ముందుగా అనుకోలేదు. నోట్లోంచి అదే వచ్చింది. తరవాత బంధువులందరికీ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా చేతుల్లో ఆ బరువు కూడా తెలిసేది.

మార్చి 25, సోమవారం

ఆకుపచ్చ ఫైలు బయటికి తీశాను. నవంబరు బిల్లు నాలుగు పేజీలు. ఆ వారంలో కొండ మీది నంబర్లకి నలభై మూడు కాల్స్, అన్నీ ఈ ఊరి నుంచే. నేను వెళ్లలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మూడో పేజీ మధ్యలో ఆ ఇరవై ఒక్క నిమిషాలున్నాయి. ఆ పేజీ ఒక్కటీ తీసేసి ఇవ్వొచ్చు. మూడు పేజీలు చాలు. బీరువా తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పక్క సీటావిడ ఏం వెతుకుతున్నారని అడిగింది. దొరికిందని చెప్పాను.

నాలుగు పేజీలూ నకలు తీయించాను. రెండు ప్రతులు.

మార్చి 26, మంగళవారం

ఆడిట్ ఆయన గదికి వెళ్లి, నేను ఇచ్చిన జవాబు అబద్ధమని, వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. జాబితాలో పేరు ఉంచడానికి అప్పట్లో నేనే ఒప్పుకున్నానని కూడా రాశాను. కేసు షీటు, బిల్లు జతచేశాను. ఆయన చదివాడు. ఈసారి ముక్కు చీదుకోలేదు, జలుబు తగ్గినట్టుంది. ఏడు పెట్టెలు ఎవరివి మేడమ్ అన్నాడు. మంత్రిగారి మరదలివి అని చెప్పాను. అది రాసుకోలేదు. పెన్ను మూత పెట్టి, ఇవి మా దగ్గరే ఉంటాయి అన్నాడు.

మధ్యాహ్నానికే చిరునవ్వుకి తెలిసిపోయింది. పిలిచాడు. కుర్చీ చూపించలేదు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఇంకో తొమ్మిదేళ్లుంది, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు మేడమ్, అన్నాడు. ముఖం మీద చిరునవ్వు ఉన్నది ఉన్నట్టే ఉంది. దాన్ని తీసి పెట్టుకునే చోటు ఆయనకి లేదనుకుంటాను.

మార్చి 31, ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లాను. మా ఆయన తోడొస్తానన్నాడు, వద్దన్నాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నాలుగు గంటలూ ఏమీ చూడలేదు.

అక్క మెషీన్ దగ్గర ఉంది. బడి యూనిఫారాలు కుడుతోంది, నీలం చొక్కాలు గుట్టగా పడున్నాయి. నన్ను చూసి లేవలేదు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని కాగితాలు ఇచ్చాను. నోట్లో సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చి, కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివింది. అక్క ఏదైనా మొదటి నుంచే చదువుతుంది. మూడో పేజీ దగ్గర వేలు ఆగింది. కేసు షీటు తీసి పక్కన పెట్టుకుంది. అటూ ఇటూ రెండుసార్లు చూసింది.

“ఈ మూడు పది ఎవరికి?”

“కార్లవాడికి.”

“మూడు ముప్ఫై ఒకటి దాకానా?”

“అవును.”

కింద తన నంబరు కనబడింది. దాని మీద వేలు పెట్టి ఉంచింది.

“నా చేతుల్లో పోయింది అన్నావే.”

“అన్నాను.”

“పదహారు నెలలు ఆ మాట పట్టుకునే ఉన్నాను నేను. నేను లేకపోయినా చిన్నది ఉంది కదా అని.”

అక్క కాగితాలు మడిచి డ్రాయరులో పెట్టి, ఒక చొక్కా తీసుకుని దానికి చెయ్యి అతికి కుట్టింది. పొరపాటున తిరగేసి కుట్టింది. చూసుకుని, బ్లేడుతో ఆ కుట్టంతా విప్పి మళ్లీ కుట్టింది. ఒకావిడ బట్టలకోసం వచ్చి, ఎవరు, చెల్లెలా అని అడిగింది. చెల్లెలే అంది అక్క. ఆవిడ వెళ్లాక మెషీన్ ఆపింది.

“మరి అమ్మ దగ్గర ఎవరున్నారు?”

ఆయా ఉందని చెప్పాను.

“అమ్మ ఎలా పోయిందో ఆవిడకి తెలిసుంటుంది,” అంది. అన్నం పెట్టింది. కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడగలేదు.

ఏప్రిల్ 7, ఆదివారం

అక్క మొదటి బస్సుకి వచ్చింది. దుకాణం మూసుకుని వచ్చింది. ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం.

ఆయా ఇప్పుడు కాన్పుల వార్డులో చేస్తోంది. గుర్తుపట్టదనుకున్నాను. ఆవిడ చేతుల మీదుగా ఎంతమంది పోయి ఉంటారో. నన్ను చూడగానే, కారమ్మగారు కదూ, అంది. నువ్వు కిటికీ దగ్గర కారు కారు అని అరుస్తుంటే వార్డు వార్డంతా విన్నామమ్మా అంది. వినపడదనుకునేదాన్ని. నాకు సిగ్నల్ అందకపోవడం వేరు, నా గొంతు వాళ్లకి అందకపోవడం వేరు.

అక్క ముందుకొచ్చి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. ఆయా చేతిలో గిన్నె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఆయాసం ఎక్కువైంది. నర్సమ్మ డాక్టరుగారి కోసం ఉరికింది. నేను ఈ అమ్మని పిలుద్దామని లేచాను. మీ అమ్మగారు నా చెయ్యి పట్టుకుంది. ‘వద్దు, ఆఫీసు పని చేసుకుంటోంది’ అంది.”

“ఇంకేమంది?”

“ఇంకేముందమ్మా. చెవులు రిక్కించి అంతా వింటానే ఉంది. ‘కారు దొరికిందంటావా?’ అంది. దొరికే ఉంటుందిలేమ్మా అన్నాను. అంతే.”

అక్క ఆయా చేతులు పట్టుకుని అలాగే నిలబడింది. ఎంతసేపో తెలియదు. లోపల ఏదో బిడ్డ ఏడిస్తే ఆయా వెళ్లాలి అంది, అప్పుడు వదిలింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. అక్క భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని వీపు మీద చెయ్యి వేశాను. నవ్వుతోంది. కారు దొరికిందంటావా, అంది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాం. కాన్పుల వార్డు ముందు కదా, దారినపోయే ఒకాయన మమ్మల్ని చూసి, మనవడా మనవరాలా అని అడిగాడు. అప్పుడు ఏడ్చాం.

ఏప్రిల్ 19, శుక్రవారం

ఆర్డర్లు రెండు వచ్చాయి.

మొదటిది ఆడిట్‌ది. పర్యటన వల్ల శాఖకు విలువైన అవగాహన కలిగిందని, విమానం ఖర్చు అత్యవసరమేనని, విందు మర్యాదల కింద వస్తుందని తేల్చారు. తొమ్మిదో మనిషి విషయంలో ‘గుమాస్తా స్థాయి నమోదులో పొరపాటు’ జరిగిందట. అభ్యంతరం ఒక్కటే మిగిలింది. నవంబరు పదిహేడున పైఅధికారి రాతపూర్వక అనుమతి లేకుండా రెండో కారు ఏర్పాటు చేశారు. ఆ అద్దె, పద్నాలుగు వేల ఎనిమిది వందలు, ఏర్పాటు చేసిన ఉద్యోగి నుంచి రాబట్టాలి.

రెండోది మా శాఖది. నన్ను నేలమాళిగలో పాత రికార్డుల గదికి బదిలీ చేశారు.

మా ఆయన ఆర్డరు రెండుసార్లు చదివాడు. ‘కొండను తవ్వి ఎలుకను పట్టారు’ అన్నాడు. నువ్వు అప్పీలుకి వెళ్లు, పీఏ ఫోన్ చేసి చెప్తేనే కదా కారు పెట్టింది, ఆ కాల్ కూడా ఆయన ఫోను బిల్లులో తేలుతుంది, అన్నాడు. ఆయన ఇంతసేపు మాట్లాడటం పెళ్లయ్యాక ఇదే.

ఏప్రిల్ 20, శనివారం

పాత రికార్డుల గదిలో ట్యూబులైటు ఒకటి వెలుగుతుంది, ఒకటి వెలగదు. ఫోను సిగ్నల్ లేదు.

పైన, మంత్రిగారు వచ్చే నెల ఎడారి ప్రాంతానికి వెళ్తున్నారట. ఉద్దేశం ఎవరు రాశారో గాని బాగా కుదరలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. నా ఆరోగ్యం, మా ఆయన ఆరోగ్యం అడిగింది. ఆర్డరు సంగతి మా ఆయన ముందే చెప్పేసినట్టున్నాడు. అప్పీలు చేస్తావా అంది. చెయ్యనని చెప్పాను. ఎందుకంది. ఎవరు చెప్తే పెట్టాను, ఎవరి పెట్టెల కోసం పెట్టాను అన్నది వేరే సంగతి. ఆ కారు మాత్రం నేను పెట్టిందే, ఇరవై ఒక్క నిమిషాలు పోట్లాడి మరీ పెట్టాను, అన్నాను.

కాసేపు మెషీన్ చప్పుడు వినిపించింది. ఆగింది.

మొత్తం ఎంత, అని అడిగింది. చెప్పాను.

“ఏడు వేల నాలుగొందలు పంపిస్తా. రేపు చూసుకో.”

నువ్వెందుకు పంపడం అన్నాను.

“అమ్మ ఆసుపత్రి ఖర్చు సగం సగం కదే వేసుకున్నాం,” అంది అక్క.